ఎల్ బోర్డు ఆరు నెలలు

బండి నేర్చుకునేవారు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం పెట్టుకోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. పలక 18 సెంటీమీటర్ల చదరం ఉండాలి, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు, గీత మందం 2 సెంటీమీటర్లు. ఇంత వివరంగా కొలతలు రాసిన బోర్డును తగిలించుకోవడం మన దగ్గర నామోషీ. డ్రైవింగ్ స్కూలు కార్లకు తప్ప సొంత బండ్లకు అది కనిపించడం అరుదు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) చేతికి రాగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే, అసలు లైసెన్సు ఎప్పుడొస్తుందని. స్లాట్ ఎప్పుడు దొరుకుతుంది, ట్రాక్ మీద ఏమడుగుతారు, ఏజెంటుకు ఎంతివ్వాలి అన్న ఆరాలన్నీ ఆ చివరి రోజు చుట్టూనే తిరుగుతాయి. కొత్తగా బండి పట్టినవాళ్ల ప్రాణాలనూ, వాళ్లకు ఎదురయ్యేవాళ్ల ప్రాణాలనూ కాపాడగలిగింది ఆ చివరి రోజు పరీక్ష కంటే దానికి ముందున్న ఎల్ బోర్డు కాలమేనని నా నమ్మకం. ఆ కాలాన్ని మనం ఖాళీగా పోనిస్తున్నాం. ఎందుకలా అంటున్నానో కాస్త నిదానంగా చెబుతాను.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటరు ముందు కూర్చుని రోడ్డు గుర్తులు, నియమాల మీద అడిగినవాటిలో కనీసం 60 శాతం ప్రశ్నలకు సరైన జవాబులివ్వాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పరీక్ష తెలుగులో రాయవచ్చు. అది పాసైతే ఆరు నెలలు చెల్లే ఎల్‌ఎల్‌ఆర్ వస్తుంది. కనీసం 30 రోజులు గడిస్తేగానీ డ్రైవింగ్ పరీక్షకు వెళ్లే వీల్లేదు. ఈలోగా బండి తీస్తే, లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలి. అదీ ఊరికే కూర్చోవడం కాదు, అవసరమైతే బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. అంటే తక్కువలో తక్కువ నెల, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు ఒక అనుభవజ్ఞుడి కనుసన్నల్లో నిజమైన రోడ్డు మీద నేర్చుకోమని శాసనకర్తలు సమయం ఇచ్చారు. ఆచరణలో ఆ నెల రోజులు స్లాట్ కోసం ఎదురుచూసే గడువుగా మిగిలాయి. నేర్చుకునే మనిషి ఆ నెలలో ఎన్ని గంటలు నడిపాడో, ఎవరు పక్కన కూర్చున్నారో, వానలో నడిపాడో లేదో, చీకటి పడ్డాక ఒక్కసారైనా తీశాడో లేదో అడిగేవారు లేరు. చెప్పడానికి కాగితమూ లేదు. స్కూలులో చేరినవారికి మాత్రం కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటల డ్రైవింగ్ ఉండాలని నిబంధన ఉంది. చేరనివారికి ఆ పాటి లెక్క కూడా లేదు.

ఇక పరీక్ష సంగతి. ద్విచక్ర వాహనమైతే 8 ఆకారపు ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. కారైతే హెచ్ ఆకారంలో వెనక్కి తీయడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదలడం లాంటివి ఉంటాయి. ఇవి తక్కువ నైపుణ్యాలేమీ కావు. క్లచ్ మీద పట్టు లేనివాడు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే వెనకున్న ఆటోను గుద్దుతాడు. కానీ ట్రాక్ మీద ఇంకెవరూ ఉండరు. ఆగిన ఆర్టీసీ బస్సు ముందునుంచి అకస్మాత్తుగా రోడ్డు దాటే ప్రయాణికుడు ఉండడు, సిగ్నల్ ఇవ్వకుండా తిరిగే ఆటో ఉండదు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు ఉండదు, సాయంత్రం ఇంటికి మళ్లే గేదెల మంద ఉండదు. నిజానికి నిబంధనల్లో పరీక్షించాల్సిన అంశాల జాబితా చాలా పెద్దది. ఓవర్‌టేక్ చేయడం, చేయనివ్వడం, ఎదురయ్యే బండ్లకు దారి చూసుకోవడం, మలుపు తిరిగే ముందు అద్దంలో చూసి సిగ్నల్ ఇవ్వడం, పాదచారులు దాటే చోట ఆగడం అన్నీ అందులో ఉన్నాయి. ఇతరులు లేనిచోట ఇతరులతో ఎలా మసలుకుంటాడో చూడటం ఏ బ్రేకు ఇన్‌స్పెక్టరుకూ సాధ్యం కాదు. కాబట్టి కాగితం మీద ఉన్నదాంట్లో ట్రాక్ మీదకు వచ్చేది బండిని అదుపు చేయడం ఒక్కటే.

బండి అదుపులో ఉంటే చాలదా అని అడగవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పని మొదలుపెట్టక ముందే అంత దూరం దాటిపోయి ఉంటాం. కాబట్టి రోడ్డు మీద బతికించేది బ్రేకు నొక్కే కాలు కన్నా ముందే చూసే కన్ను. ఆ చూపు కొత్తవాళ్లకు ఉండదు. 1972లో మౌరాంట్, రాక్‌వెల్ అనే అమెరికన్ పరిశోధకులు డ్రైవర్ల కళ్ల కదలికలను నమోదు చేశారు. కొత్తవాళ్లు బండికి దగ్గరగా ఉన్న రోడ్డునే ఎక్కువ చూస్తున్నారనీ, అద్దాల వంక తక్కువ చూస్తున్నారనీ, అనుభవజ్ఞుల చూపు దూరంగానూ విశాలంగానూ తిరుగుతోందనీ గమనించారు. అది కొద్దిమంది మీద చేసిన చిన్న పరిశీలనే గానీ, కొత్తవారి పక్కన కూర్చున్న ఎవరికైనా అది నిజమని ఇట్టే తెలుస్తుంది. ఈ చూపు పుస్తకం చదివితే వచ్చేది కాదు, ట్రాక్ మీద తిరిగితే వచ్చేదీ కాదు. ‘అదిగో, ఆ బస్సు ఆగుతోంది, ఎవరో దిగుతారు, ఇప్పటినుంచే స్లో చెయ్యి’ అని పక్కవాళ్లు వందసార్లు చెప్పగా, నూటొకటోసారి మన కన్ను తనంతట తాను పసిగడుతుంది. దానికి కావలసింది గంటలు, రకరకాల రోడ్లు, పక్కన ఓపికగల మనిషి.

లోకంలో ఈ విషయాన్ని గుర్తించి చట్టంలో పెట్టినవారున్నారు. కొత్త డ్రైవర్లకు లైసెన్సును అంచెలంచెలుగా ఇచ్చే పద్ధతిని న్యూజిలాండ్ 1987లో దేశమంతటా తెచ్చింది. తరవాత ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా రాష్ట్రాలు తమకు తగ్గట్టు దాన్ని మలుచుకున్నాయి. పక్కన పెద్దవాళ్లుండగా నడిపే కాలంలో ప్రమాదాలు చాలా తక్కువనీ, ఒంటరిగా నడపడం మొదలైన తొలి నెలల్లో అవి ఒక్కసారిగా పెరిగి తరవాత నెమ్మదిగా తగ్గుతాయనీ ఆ దేశాల అనుభవం. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 25 ఏళ్లలోపు వాళ్లు 120 గంటలు, అందులో 20 గంటలు రాత్రిపూట, పర్యవేక్షణలో నడిపి లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ తరవాత తాత్కాలిక (ప్రొవిజనల్) లైసెన్సుకు గుర్తుగా ఎర్ర పీ బోర్డు ఒక ఏడాది, ఆకుపచ్చ పీ బోర్డు రెండేళ్లు. ఎర్ర పీ ఉన్నన్నాళ్లూ 90 కిలోమీటర్ల వేగం దాటకూడదు, మద్యం చుక్క ముట్టి నడపకూడదు, రాత్రి 11 తరవాత తమ ఈడు స్నేహితులను గుంపుగా ఎక్కించుకోకూడదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో తల్లో తండ్రో ఉద్యోగం నుంచి వచ్చాక పిల్లల పక్కన కూర్చుని ఆ గంటలు పూర్తిచేయిస్తారు. అదే కుటుంబానికి చెందిన పిల్లలు గుంటూరులోనో వరంగల్‌లోనో పెరిగితే, పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా బైకు తాళం అందుకుంటారు. ప్రేమలో తేడా ఏమీ లేదు. ఒకచోట చట్టం ఆ ప్రేమను 120 గంటల పనిగా మార్చింది, ఇంకొకచోట మార్చలేదు.

దీనికి ఎదురుగా నిలిచే గట్టి ఆధారం ఒకటుంది, దాన్ని దాటవేయడం సబబు కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డీకాల్బ్ కౌంటీలో 1970ల చివర దాదాపు 16 వేల మంది హైస్కూలు విద్యార్థులను గుంపులుగా విడదీసి, కొందరికి చక్కటి డ్రైవింగ్ శిక్షణ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. శిక్షణ పొందినవారికి ప్రమాదాలు తగ్గిపోతాయని ఆశించారు. నిలకడైన తేడా ఏమీ కనిపించలేదు. అయితే శిక్షణ దండగేనా? నేను అలా చదవను. ఆ ప్రయోగం తేల్చింది, కొన్ని గంటల పాఠం చెప్పి యువకుడిని ఒంటరిగా రోడ్డు మీద వదిలేస్తే పాఠం నిలవదని. పైగా తొందరగా లైసెన్సు తీసుకుని తొందరగా రోడ్డెక్కేవారికి పాఠమే తోడై ప్రమాదంలోకి వెళ్లే అవకాశాన్ని పెంచుతుంది. అంచెలంచెల లైసెన్సు తెచ్చిన చోట్ల మేలు చేసినట్టు కనిపించింది ఎక్కువ గంటల తోడు, ఒంటరితనంలోకి మెల్లగా దింపే ఆంక్షలు. అందుకే డ్రైవింగ్ స్కూళ్ల సంఖ్య పెంచితే సమస్య తీరుతుందన్న మాట నాకు నచ్చదు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాలు 2021 జులై నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో కారు శిక్షణ నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో పాసైనవారికి రవాణా ఆఫీసులో మళ్లీ పరీక్ష అక్కర్లేదు. శిక్షణ గంటలు పెరగడం మంచిదే. కానీ పరీక్ష తప్పించుకోవడానికి దారిగా దాన్ని చూస్తే, నేర్చుకోవడం మళ్లీ లైసెన్సు వెనకాల నిలబడుతుంది.

అవినీతిని అరికడితే చాలు, మిగతాదంతా సర్దుకుంటుందని చాలామంది నిజాయతీగా నమ్ముతారు. వాళ్ల కోపానికి కారణముంది. ఢిల్లీలో 822 మంది లైసెన్సు దరఖాస్తుదారుల మీద బెర్‌ట్రాండ్, జాంకోవ్, హన్నా, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. ఒక గుంపుకు త్వరగా లైసెన్సు తెచ్చుకుంటే బహుమతి ఇస్తామన్నారు, ఇంకొక గుంపుకు ఉచితంగా డ్రైవింగ్ నేర్పించారు, మూడో గుంపును అలాగే వదిలేశారు. లైసెన్సు పొందినవారిలో నూటికి 71 మంది అసలు పరీక్షకే హాజరు కాలేదు. నూటికి 62 మందికి లైసెన్సు చేతికొచ్చేనాటికి బండి నడపడం రాదని విడిగా పెట్టిన పరీక్షలో తేలింది. తొందర ఉన్న గుంపు ఏజెంట్ల దగ్గరికి ఎక్కువగా వెళ్లింది, నడపడం రాకుండానే లైసెన్సు తెచ్చుకుంది. ఇది నన్ను కలవరపెట్టే పరిశోధన. ఏజెంటును తప్పించడానికి స్లాట్లు ఆన్‌లైన్‌లో పెట్టడం, ట్రాక్‌లకు సెన్సర్లు, కెమెరాలు బిగించడం సరైన పనులే, వాటిని ప్రతి ఊళ్లోనూ పెట్టాలి. అయితే ఆ ప్రయోగాన్ని ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే, లంచానికి మూలం తొందరలో ఉందని కనిపిస్తుంది. మనిషికి కావలసింది కాగితమైనప్పుడు కాగితం అమ్మేవాడు పుడతాడు. కెమెరా దొంగ పాసును ఆపుతుంది, మంచిదే. ఆ కెమెరా కింద నిజాయతీగా 8 వేసి పాసైన కుర్రాడు మర్నాడు జాతీయ రహదారి మీద లారీని ఎడమవైపు నుంచి దాటబోతే, ఆ విషయంలో అది చెప్పగలిగిందేమీ లేదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ద్విచక్ర వాహనాల సంగతి. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. మన రెండు రాష్ట్రాల్లో కలిపి ఆ ఏడాది పోయిన ప్రాణాలు 15 వేలకు పైనే. దేశం మొత్తం మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది, వారిలో 14 వేలకు పైగా వెనక కూర్చున్నవారు. ఇంత చావు ఉన్నచోట ఇంత తక్కువగా నేర్పడం ఎలా సహిస్తున్నామో నాకు అర్థం కాదు. కారుకైతే ఊరికో డ్రైవింగ్ స్కూలు ఉంటుంది, నేర్పేవాడి కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. బైకు మాత్రం అన్నయ్యో, మేనమామో, స్నేహితుడో ఊరి బయట గ్రౌండులో ఒక సాయంత్రం నేర్పుతాడు. గేర్లు వేయడం వస్తే బండి వచ్చేసినట్టే. ముందు బ్రేకు, వెనక బ్రేకు కలిపి ఎంతెంత పట్టాలో, తడి రోడ్డు మీద ఇసుక ఉంటే ఏం చేయాలో, లారీ డ్రైవరుకు తాను కనిపించని చోటు ఏదో ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లో 1990 డిసెంబరు నుంచి మోటారు సైకిలు నేర్చుకునేవారికి ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. శిక్షకుడు ఇంకో బండి మీద వెంట వస్తూ, చెవిలో రేడియో ద్వారా చెబుతూ, కనీసం రెండు గంటలు రోడ్డు మీద నడిపించాకే ఎల్ బోర్డుతో ఒంటరిగా వదులుతారు. మన చట్టం 2019 సవరణతో మైనరుకు బండిచ్చిన తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెట్టింది. పద్దెనిమిదికి ఒక్కరోజు ముందు అంత కఠినంగా ఉన్న చట్టం ఆ మర్నాటి నుంచి ఆ తల్లిదండ్రులను ఏమీ అడగదు. అడగవలసింది అప్పుడే.

గంటలు పెంచితే పేదవాడి పొట్ట కొట్టినట్టు కాదా అన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. డెలివరీ పనికి చేరాలన్నా, ఆటో అద్దెకు తీసుకోవాలన్నా, ఓనరు దగ్గర కారు డ్రైవరుగా కుదరాలన్నా లైసెన్సు ముందుండాలి. నెల ఆలస్యమైతే నెల జీతం పోతుంది. లైసెన్సు లేకుండా పట్టుబడితే జరిమానా 5 వేలు. ఈ మాటకు నా దగ్గర సులువైన జవాబు లేదు, కానీ రెండు విషయాలు మనవి చేస్తాను. బతుకుతెరువు కోసం రోజుకు పది పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండే మనిషే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. అతనికి తక్కువ నేర్పి త్వరగా పంపడం దయ అనిపించుకోదు. ఆ శిక్షణ ఖర్చు అతని పని వల్ల లాభపడే కంపెనీలు, ప్రభుత్వం భరించాలి. ఇది అసాధ్యమేమీ కాదనడానికి మన ఆర్టీసీయే సాక్ష్యం. చేతిలో హెవీ లైసెన్సున్నా ఆర్టీసీ తన సొంత పరీక్ష పెడుతుంది, ఎంపికైనవారికి మళ్లీ శిక్షణ ఇస్తుంది, అందుకోసం హకీంపేట లాంటి చోట్ల శిక్షణ కళాశాలలు నడుపుతోంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన యాభై మంది ప్రాణాలు చేతికివ్వకూడదని ఆ సంస్థకు ఏనాడో తెలుసు. ఇక పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాని వాళ్లున్నారు. మొదటిసారి కారు కొన్న ఇళ్లల్లోనూ, నేర్చుకోవాలనుకునే ఆడవాళ్ల విషయంలోనూ ఇది నిజమైన ఇబ్బంది. అలాంటివారికి తక్కువ రుసుముకు తోడు గంటలు ఇచ్చే ఏర్పాటు ప్రతి రవాణా ఆఫీసు దగ్గరా ఉండవచ్చు.

‘మా తాత ట్రాక్టరు ఏ స్కూల్లో నేర్చుకున్నాడు’ అనేవారికి నేను చెప్పగలిగింది కొద్దే. తాత కాలంలో ఆ దారిలో రోజుకు ఎన్ని బండ్లు తిరిగేవో, ఎంత వేగంతో తిరిగేవో ఆలోచించమంటాను. పైగా తాత నేర్చుకున్నది కూడా ఒక పెద్దవాడి పక్కన కూర్చుని, నెలల తరబడి చూసి. మన రోడ్ల మీద నియమాలు ఎవరూ పాటించరు కదా, నేర్చుకుని ఏం లాభం అనేవారిది నిరాశలోంచి వచ్చిన మాట. అవతలివాడు నియమం తప్పుతాడని ముందే ఊహించగలగడం నేర్చుకోవలసింది సరిగ్గా ఇలాంటి రోడ్ల మీదే.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు ఒక లాగ్‌బుక్ ఇవ్వాలి, లేదా ఫోన్‌లో యాప్ ఇవ్వాలి. వానలో, రాత్రి, హైవే మీద, సంత రోజున నడిపిన గంటలు అందులో ఎక్కాలి, పక్కన కూర్చున్న మనిషి లైసెన్సు నంబరు వేసి సంతకం చేయాలి. అబద్ధపు సంతకాలు పెట్టేవారు ఉంటారు, ఆస్ట్రేలియాలోనూ ఉంటారు. అయినా కన్నబిడ్డ కోసం దొంగ సంతకం పెట్టడానికి తల్లిదండ్రులు ఒక క్షణం ఆగి ఆలోచిస్తారు, ఆ ఆలోచన చాలామందిని కారెక్కిస్తుంది. ముప్పై రోజుల కనీస గడువును తొంభైకి పెంచాలి. 2002 నుంచి బ్రిటన్‌లో వీడియోలు చూపించి ప్రమాదాన్ని ఎంత ముందుగా పసిగట్టారో కొలుస్తున్నారు. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష ఇక్కడ ఎలాగూ కంప్యూటరు మీదే జరుగుతోంది కాబట్టి, మన విజయవాడ, హైదరాబాద్, కరీంనగర్ రోడ్ల మీద తీసిన వీడియోలతో ఆ పని ఇక్కడా చేయవచ్చు. బైకు నేర్చుకునేవారికి వెంట వచ్చే శిక్షకుడితో రెండు గంటలైనా తప్పనిసరి చేయాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేనిది ఒకటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి ఉంటే, ముప్పై ఒకటో రోజున స్లాట్ కోసం పరుగెత్తించకండి. దాని గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో వీలైనన్ని సాయంత్రాలు వాళ్ల పక్కన కూర్చోండి.